చట్టం రాకముందు దీదీ

దీదీ దగ్గరికి మొదటిసారి వచ్చి కూర్చున్న వాళ్లెవరైనా ముందుగా వినే మాట ఒకటే ఉండేది. "నాను డాక్టర్ని కాను. మందులివ్వను. అది తెలిసే వచ్చినారేటి?" తెలుగువాళ్లతో ఇలా మన యాసలో, బెంగాలీలతో బెంగాలీలో, బీహారు నుంచి పట్టాల పనికి వచ్చిన గ్యాంగుమెన్‌లతో హిందీలో అడిగేది. అవతలి మనిషి అవునని తలూపేదాకా రెండో మాట ఎత్తేది కాదు. తలూపినా కళ్లలో అనుమానం కనిపిస్తే మళ్లీ చెప్పేది. ఖరగ్‌పూర్‌లో ఆ రోజుల్లో గోళీల సీసా చేతిలో ఉన్న ప్రతివాడూ డాక్టరుగా చెలామణి అవుతుంటే, సైకాలజీలో ఎమ్మే చదివి, కలకత్తాలో మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన మనిషి, కానిది కానని అంత పట్టుదలగా చెప్పడం నాకు వింతగా ఉండేది. వింతగా మొదలైనదే తర్వాత గౌరవమైంది.

నిమ్‌పురాలో రైల్వే క్వార్టర్లు అయిపోయిన చోట వాళ్ల సొంత ఇల్లు. తల్లి రిటైరైన నర్సు. కోస్తా నుంచి తాతల నాడే వచ్చి స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబం. తల్లికి పక్షవాతం వచ్చి మంచం పట్టడంతో దీదీ కలకత్తా ఉద్యోగం వదిలి వచ్చేసింది. పగలు మా ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. సాయంత్రం వరండా పక్క గదిలో, మనసు బాగోలేక వచ్చిన మనుషులను చూసేది. బడిలో నేనామె విద్యార్థినిని. ఊరంతా ఆమెను దీదీ అనే పిలిచేవారు, చివరికి ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా. వెనకాల మాత్రం "పిచ్చోళ్ల టీచరమ్మ" అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. నవ్వి ఊరుకునేది.

మా ఇంటికి ఆమె అవసరం పడింది అన్నయ్య వల్ల. అరవైల తొలినాళ్లు అవి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు, నాన్న అక్కడే ఫిట్టరు, అన్నయ్య నిమ్‌పురా యార్డులో షంటింగు ఇంజను మీద ఫైర్‌మన్. బొగ్గు వెయ్యడం, నీళ్లు చూసుకోవడం అతని పని. ఒక పొద్దుట యార్డులో వ్యాగన్లు కలుపుతుండగా పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఒకడు రెండు వ్యాగన్ల బఫర్ల మధ్య నలిగి చనిపోయాడు. మన తెలుగు మనిషే. అన్నయ్యా అతనూ ఒకే టీకొట్టు దగ్గర కూర్చుని పత్రిక పంచుకుని చదివేవాళ్లు. విచారణ జరిగింది, ఇంజను వాళ్ల తప్పేమీ లేదని తేల్చారు. కాని ఆ తర్వాత అన్నయ్య పార పట్టుకోలేకపోయాడు. ఇంజను మెట్టు మీద కాలు పెట్టి మళ్లీ దిగిపోయేవాడు. కూత వినిపిస్తే ఉన్నచోటే చతికిలబడేవాడు. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు.

నాయనమ్మ జడుపు అంది. కుంకుమ నీళ్లు దిగదుడిచింది, చేతికి తాడు కట్టింది. ఆమె చేయి తల మీద ఉన్నంతసేపూ అన్నయ్య కాస్త నెమ్మదిగా ఉండేవాడన్నది నిజం. తర్వాత మళ్లీ మామూలే. ఎవరో చెప్పగా నాన్న అతన్ని ప్రేమ్ బజార్ తీసుకెళ్లాడు. అక్కడ స్టేషనరీ దుకాణం పైగదిలో ఒకాయన ఉండేవాడు. ప్రొఫెసర్ అని, సైకాలజిస్టు అని, హిప్నాటిజం నిపుణుడని మూడు భాషల్లో బోర్డు. హిజ్లీలోని ఐఐటీ క్యాంపస్ కుర్రాళ్లు పరీక్షల ముందు జ్ఞాపకశక్తి కోసం ఆయన మెట్లెక్కేవారు. శుభ్రమైన బట్టలు, మెత్తటి మాట. నీలం దీపం వెలిగించి అన్నయ్యను బల్ల మీద పడుకోబెట్టి, మనసులో ఉన్నదంతా కక్కేయమన్నాడట. అన్నయ్య కక్కేశాడు. మాలో ఎవరికీ చెప్పని మాట కూడా చెప్పాడు.

ఆ మాట వారం తిరక్కుండా అన్నయ్య పనిచేసే ఇంజన్ల షెడ్డుకు చేరింది. ప్రొఫెసరు తన విద్య ఎంత గొప్పదో చెప్పుకోవడానికి టీకొట్టులో దాన్ని ఉదాహరణగా వాడాడు. పేరు చెప్పలేదు, నిజమే. నిమ్‌పురా ఫైర్‌మన్ అన్నాక పేరెందుకు? చనిపోయినవాడి కేక ఫైర్‌మన్‌కు వినిపించిందని, విని కూడా డ్రైవరుకు వెంటనే చెప్పలేదని మాట పాకింది. అన్నయ్య చెప్పింది అది కాదు. వినిపించిందేమో, విన్నానేమో అని తనను తాను తినేస్తున్నానని చెప్పాడు. టీకొట్టు దాకా వెళ్లేసరికి ఆ అనుమానం కాస్తా రాలిపోయింది.

ఒక సాయంత్రం చనిపోయినతని తమ్ముడు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వర్క్‌షాపులో ఖలాసీ. కోపంగా రాలేదు. కోపంగా వచ్చి ఉంటే బాగుండేదని అమ్మ తర్వాత చాలాసార్లు అంది.

"ఇన్నావేటన్నా?" అని మాత్రం అడిగాడు. "ఇన్నావా, నేదా? అదొక్కటి సెప్పు, ఎళ్లిపోతాను."

అన్నయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి అన్నయ్య గది దాటి బయటికి రావడం మానేశాడు.

నాన్న పోలీసు చౌకీకి వెళ్లాడు. అక్కడి అధికారి మర్యాదగానే విన్నాడట. విని, ప్రొఫెసరు మందేమైనా ఇచ్చాడా, సూదేమైనా వేశాడా అని అడిగాడు. ఇవ్వలేదు. డాక్టరునని చెప్పాడా? చెప్పలేదు. సైకాలజిస్టునన్నాడు. అయితే ఏ సెక్షను కింద రాసుకోమంటారని అధికారి అడిగాడు. డాక్టరు కాకుండా వైద్యం చేస్తే చట్టం ఉంది, వకీలు కాకుండా కోర్టులో వాదిస్తే చట్టం ఉంది, సైకాలజిస్టు అంటే ఎవరో చెప్పే చట్టమేదీ తనకు తెలిసి లేదన్నాడు. రేపు తనూ ఉద్యోగం మానేసి ఆ బోర్డు పెట్టుకోవచ్చన్నాడు.

నాన్న ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గాని కలపలేదు. "ఇంజను రెగ్యులేటరు మీద సెయ్యి ఎయ్యాలంటే ఎన్ని పరీచ్చలు పెడతారు," అన్నాడు. "మనిసి బుర్ర మీద సెయ్యెయ్యడానికి ఏటీ అక్కర్లేదా?"

మర్నాడు నేను బడి వదిలాక దీదీ వెనకాలే నడిచి విషయమంతా చెప్పాను. ఆమె ప్రొఫెసరును ఒక్క మాట అనలేదు. అన్నయ్య అన్నం తింటున్నాడా, నిద్రపోతున్నాడా, చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడా అని అడిగింది. ముందు రైల్వే ఆసుపత్రిలో డాక్టరుకు చూపించమంది. ఒంట్లో జబ్బేమీ లేదని ఆయన చెప్పాకే తాను చూస్తానంది. ఇంకో షరతు పెట్టింది. అన్నయ్య తనంతట తాను రావాలి, ఎవరూ లాక్కురాకూడదు.

డాక్టరు చూశాడు, నిద్రకు మందిచ్చాడు, దీదీ దగ్గరికి వెళ్లమని ఆయనే చెప్పాడు. అన్నయ్య రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చిన రోజు నేను తోడు వెళ్లాను. డాక్టర్ని కానన్న మాట అయ్యాక దీదీ ఇంకో మాట చెప్పింది. "నువ్వు ఇక్కడ సెప్పింది నా దగ్గిరే ఉంటాది. మీ నాన్నడిగినా సెప్పను, నీ సెల్లి అడిగినా సెప్పను. ఒక్కటి మట్టుకు దాచను. నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పని నాకు తోస్తే ఆపగలిగినోళ్లకి సెప్పేస్తాను. అది నీకు ముందే సెప్తన్నాను." తర్వాత నన్ను లోపలికి పంపించి తలుపు వేసుకుంది. ఆ తలుపు వెనక ఏం మాట్లాడుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. నేను వంటగదిలో వాళ్లమ్మకు గంజి తాగిస్తూ, ఆవిడ చెప్పే పాత ఆసుపత్రి కబుర్లు వింటూ కూర్చునేదాన్ని.

నెలలు గడిచాయి. అన్నయ్య ముందు గది దాటాడు. తర్వాత వీధి దాటాడు. తర్వాత దీదీతో కలిసి యార్డు కంచె దాకా నడిచి వెళ్లి, కాసేపు నిలబడి వెనక్కి వచ్చేవాడు. కూత వినబడ్డప్పుడు కూలబడకుండా కంచె పట్టుకుని నిలబడగలిగిన రోజున ఇంటికొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. అమ్మ వడ్డిస్తూ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత జరిగినదాన్ని అన్నయ్యే మాకు చెప్పాడు, దీదీ చెప్పలేదు. నీ తప్పు లేదని ఆమె ఒక్కసారి కూడా అనలేదట. అదెవరైనా అంటారు, నాయనమ్మ రోజూ అనేది. ఆ పొద్దుట జరిగిందంతా అడుగడుగునా చెప్పించి, ఆ చోట వేసిన కేక ఇంజను మీదికి వినపడుతుందో లేదో తెలుసుకోవాలని ఉందా అని అడిగిందట. తెలుసుకుంటే ఒకవేళ వినపడుతుందనే తేలితే ఏం చేస్తావని కూడా అడిగిందట. ఆ రెండో ప్రశ్న మీదే వాళ్లు ఎన్నో సాయంత్రాలు గడిపారు. వినపడుతుందని తేలినా బతకగలనని తనకు నమ్మకం కలిగాకే అన్నయ్య సరేనన్నాడు.

అది తేలాలంటే ఆ చోట నిలబడి కేక వెయ్యడానికో మనిషి కావాలి. ఎవరిని పిలవాలో కూడా అన్నయ్యే అన్నాడు. దీదీ ఆ మనిషి దగ్గరికి తాను వెళ్లనంది. ఆ మాట నీది, చెప్పుకుంటే నువ్వే చెప్పుకోవాలి, నేను మోసుకెళ్లేది కాదు అంది. అన్నయ్య ఖలాసీల క్వార్టర్లకు ఒక్కడే వెళ్లి, చనిపోయినతని తమ్ముడి ముందు కూర్చుని, తన అనుమానమంతా తన నోటితోనే చెప్పాడు.

షెడ్డు ఫోర్‌మన్ అనుమతి ఇచ్చాడు. ఒక ఆదివారం ఉదయం యార్డులో పని లేని వేళ, నిలబెట్టి ఉన్న ఇంజను మీద అన్నయ్య ఎక్కాడు. అదే డ్రైవరు ఆ రోజులాగే ఆవిరి వదిలాడు. నేనూ నాన్నా కంచె దగ్గర ఉన్నాం. తమ్ముడు తన అన్న పడిపోయిన చోట నిలబడి, గొంతు చీలిపోయేలా కేక పెట్టాడు. పెడుతూనే ఉన్నాడు. అన్నయ్యను పేరు పెట్టి పిలిచాడట. అతని మెడ నరాలు మాకు కనిపిస్తున్నాయి, కాని కేక మాకే సరిగా వినపడలేదు. అన్నయ్య ఇంజను మీద నుంచి అతని నోటికేసి చూస్తూ తల అడ్డంగా ఊపాడు. తర్వాత అన్నయ్య కిందికి దిగాడు. ఇప్పుడు నువ్వెక్కు, నేను అరుస్తాను అన్నాడు. తమ్ముడు ఎక్కి విన్నాడు. ఏమీ వినపడలేదు. అతను దిగి వచ్చి అన్నయ్య భుజం మీద తల పెట్టుకున్నాడు. దీదీ మాకు దూరంగా, వాళ్లకు వీపు తిప్పి, ఎటో చూస్తూ నిలబడింది.

అన్నయ్యను తిరిగి పనిలోకి తీసుకునే ముందు ఒక రైల్వే ఆఫీసరు దీదీని కలవడానికి బడికి వచ్చాడు. మంచివాడే, తన పని తను చేస్తున్నాడు. ఫైర్‌మన్ ఆమెతో చెప్పుకున్నదంతా చెబితే తాము నిర్ణయించుకుంటామన్నాడు. అప్పుడు నేను కాపీ పుస్తకాలు సర్దుతూ ఆ గదిలోనే ఉన్నాను. దీదీ నన్ను బయటికి వెళ్లమనలేదు, ఎందుకంటే ఆమె చెప్పబోయే దాంట్లో దాచవలసింది ఏమీ లేదు.

అతను ఇంజను మీద పనిచేయగలడా లేదా అన్నదాని మీద తన అభిప్రాయం, అతని అనుమతితో, డాక్టరుగారికి చెబుతానని, అంతకుమించి ఒక్క మాట బయటపెట్టనని చెప్పింది. ఆఫీసరు కుర్చీలో ముందుకు వంగాడు.

"మీరు దాచాలని ఏ చట్టమూ లేదు కదా, దీదీ," అన్నాడు.

"లేదు," అంది ఆమె. "నేనతనికి మాటిచ్చాను. చట్టం లేదు కాబట్టే నా మాట ఇంకా గట్టిగా ఉండాలి. మాటకి చట్టం కూడా తోడుంటే మీరిలా వచ్చి అడగాల్సిన పని ఉండేది కాదు, నేనిలా కాదనాల్సిన పని ఉండేది కాదు."

ఆయన ఠీక్ హై అని లేచాడు. డాక్టరూ దీదీ కలిసి చెప్పిన అభిప్రాయాన్నే తీసుకున్నారు. అన్నయ్య మొదట షెడ్డులో నేల మీద పని చేసి, వానలు వెళ్లాక మళ్లీ ఇంజను ఎక్కాడు.

మా కథ అక్కడితో తీరింది. దీదీకి అక్కడే మొదలైంది. మా నాన్న చౌకీ నుంచి తెచ్చుకున్న ప్రశ్న ఆమెను వదల్లేదు. అప్పటికి నేను స్కూలు ఫైనలు పాసై, గోల్ బజార్‌లో టైపు నేర్చుకుని, వర్క్‌షాపు ఆఫీసులో చేరాను. ఆదివారాలు దీదీ వరండాలో టైపు మిషను ముందు కూర్చునేదాన్ని. మెదినీపూర్ కోర్టు నుంచి ఒక వకీలు, హిజ్లీ క్యాంపస్‌లో పాఠాలు చెప్పే ఒక బెంగాలీ ఆచార్యుడు వచ్చేవారు. సైకాలజిస్టు అనే పేరు ఎవరు పెట్టుకోవచ్చు, పెట్టుకున్నవాడు ఏం చేయాలి, ఏం చేయకూడదు అనే విషయం మీద ఒక చట్టం ముసాయిదా రాసి, శాసనసభలో ఉన్నవాళ్లకు పంపాలని వాళ్ల ఆలోచన.

రాయడం మొదలుపెట్టాక తెలిసింది అదెంత కష్టమో. వకీలు మొదట రాసిన నిర్వచనం ప్రకారం, మాటలతో ఎదుటివాడి మనోవ్యాధి తగ్గించే ప్రతి పనీ లైసెన్సు ఉన్నవాడే చేయాలి. అది చదివి దీదీ నవ్వింది. ఇలాగైతే మా చర్చి పాస్టరుగారు జైలుకెళ్లాలి, ఈ అమ్మాయి వాళ్ల నాయనమ్మ జైలుకెళ్లాలి, ఏడుస్తున్న స్నేహితురాలి పక్కన కూర్చున్న ప్రతి ఆడదీ వెళ్లాలి అంది. ఆచార్యుడు దాన్ని ఎంత కుదించాడంటే, ప్రేమ్ బజార్ ప్రొఫెసరు కూడా దానిలోంచి సులువుగా జారిపోతాడు. మళ్లీ కొట్టివేత. ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు టైపు చేశానో నాకే గుర్తు లేదు. దుఃఖంలో ఉన్నవాడి మాట వినే హక్కు ఎవరి దగ్గర నుంచీ తీసేయకూడదని దీదీ పట్టు. చివరికి ఆమె దారి చూపించింది. చట్టం కాపలా కాయవలసింది వినడాన్ని కాదు, పేరును. చదువూ శిక్షణా లేకుండా ఆ పేరు బోర్డు మీద రాసి, దాన్ని చూపించి జనం చేత మనసు విప్పించడమే నేరం. పేరు పెట్టుకున్నవాడు ఆ విప్పిన మనసును దాచకపోవడం అంతకన్నా పెద్ద నేరం.

చదువు సంగతి వచ్చినప్పుడు డిగ్రీ చాలన్నాడు వకీలు. చాలదంది దీదీ. పుస్తకం చదివినవాడు, తెలిసినవాళ్ల కళ్ల ముందు కొన్నేళ్లు పనిచేసి, తప్పు చేసినప్పుడు చెవి మెలిపెట్టించుకుని ఉండాలంది. ఎన్నేళ్లు అన్న దగ్గర చిక్కు వచ్చింది. ఆచార్యుడు సూచించిన కాలం అందరికీ సబబుగానే తోచింది. తీరా చూస్తే దీదీ కలకత్తాలో పనిచేసింది దానికి తక్కువ. తల్లి జబ్బు వల్ల మధ్యలో వచ్చేసింది కదా. ఈ చట్టం వస్తే ముందు మూసుకోవలసిన గది ఆమెదే. వకీలు నవ్వి, ఆ కాలం కాస్త తగ్గిద్దామన్నాడు. ఆచార్యుడూ అభ్యంతరం చెప్పలేదు.

దీదీ ఒప్పుకోలేదు. నా కొలతకి చట్టం కుట్టకండి అంది. ఆ వేసవి సెలవుల్లోనూ, తర్వాతి దసరా పూజా సెలవుల్లోనూ, మళ్లీ వేసవిలోనూ తల్లిని మా అమ్మకు అప్పగించి కలకత్తా వెళ్లింది. తనకు పాఠం చెప్పిన పెద్దాయన దగ్గరే మళ్లీ కూర్చుని, కొరవడిన కాలం పూర్తి చేసింది. అప్పటికే తల వెంట్రుకలు నెరుస్తున్న మనిషి, తనకన్నా చిన్నవాళ్ల పక్కన బల్ల మీద కూర్చుని తప్పులు దిద్దించుకుంది. ఎవరూ అడగని పరీక్ష అది. రాని చట్టానికి కట్టిన ముడుపు అని నాన్న అనేవాడు, మెచ్చుకుంటూనే.

చట్టం రాలేదు. పంపినవాళ్లలో ఒకరిద్దరు మర్యాదగా జవాబు రాశారు, పరిశీలిస్తామన్నారు. వకీలు విసిగి మానేశాడు. దీదీ మాత్రం ఆ ముసాయిదాలో ముఖ్యమైన షరతులను మూడు భాషల్లో పెద్ద అక్షరాలతో రాయించి, గదిలో గోడకు తగిలించింది. తాను చదివింది ఏమిటో, చేయగలిగింది ఏమిటో, చేయలేనిది ఏమిటో, దాచేది ఏమిటో, దాచలేనిది ఏమిటో ఉంది అందులో. చదువు రానివాళ్లకు తనే చదివి వినిపించేది.

ఒక సాయంకాలం, ఇంకా వెలుగుండగానే, ఒక రిక్షా ఆమె ఇంటి ముందు ఆగింది. అందులోంచి ప్రేమ్ బజార్ ప్రొఫెసరు దిగాడు. పక్కన హిజ్లీ విద్యార్థి ఒకడు, గడ్డం పెరిగి, కళ్లు లోతుకు పోయి ఉన్నాడు. ప్రొఫెసరు గబగబా వరండా ఎక్కాడు. ఈ అబ్బాయి చచ్చిపోతానంటున్నాడు, ఎలా చచ్చిపోతాడో కూడా చెబుతున్నాడు, నాకేం చెయ్యాలో తెలియడం లేదు దీదీ అని బెంగాలీలో అన్నాడు. నేను టైపు మిషను ముందే ఉన్నాను. మా ఇంటికి చేసినదానికి ఆమె ఏదో ఒకటి అంటుందని, అనాలని కూడా ఆశపడ్డాను. ఆమె ఆ విద్యార్థిని లోపలికి తీసుకెళ్లి, కాసేపు మాట్లాడి, అదే రిక్షాలో అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. హాస్టలు వార్డెనుకు కబురు పంపుతానని ముందే అతనికి చెప్పింది. వెళ్తూ వెళ్తూ ప్రొఫెసరుతో ఒకే మాట అంది.

"తీసుకొచ్చి మంచి పని చేశారు."

ఆ విద్యార్థి బతికాడు. చదువు పూర్తి చేసుకుని వెళ్లాడని తర్వాత విన్నాం.

కొన్ని రోజులకు ప్రొఫెసరు ఒంటరిగా వచ్చాడు. గోడ మీదున్నది నిలబడి చదివాడు, మూడో భాషలో కూడా చదివాడు. దీని ప్రకారం నేనెక్కడున్నాను అని అడిగాడు. బయట ఉన్నారు అంది దీదీ, కటువుగా కాదు. కావాలంటే చదువుకోవచ్చని, చేర్చుకునే చోట్లు తనకు తెలుసని, అవసరమైతే తాను చెబుతానని అంది. ఆయన ఈ వయసులోనా అన్నాడు. ఆమె తన కలకత్తా సెలవుల గురించి చెప్పలేదు. నాకు నాలుక దురద పెట్టింది గాని, ఊరుకున్నాను. మా అన్నయ్య సంగతి కూడా ఆయనే ఎత్తాడు. నేల చూపులు చూస్తూ, ఆ కుర్రాడికి ఎలా ఉందని అడిగాడు. ఇంజను మీద ఉన్నాడు, మీరే వెళ్లి అడగండి అంది దీదీ. వెళ్లాడో లేదో అన్నయ్య ఎప్పుడూ చెప్పలేదు. నేను ప్రేమ్ బజార్ వైపు వెళ్లినప్పుడు చూస్తే బోర్డు మీద సైకాలజిస్టు అన్న మాట మీద మూడు భాషల్లోనూ రంగు పూసి ఉంది. ప్రొఫెసరు, హిప్నాటిజం అలాగే ఉన్నాయి. నాన్నకు చెబితే, ఆ మాత్రం చాల్లే అన్నాడు.

డెబ్బైలలో మావారికి చక్రధర్‌పూర్ బదిలీ అయింది. వెళ్లేముందు దీదీని చూడటానికి వెళ్లాను. వాళ్లమ్మ అప్పటికే పోయింది. వరండాలో దీదీ ఎదురుగా పాతికేళ్ల బెంగాలీ కుర్రాడొకడు చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కలకత్తాలో సైకాలజీ చదివి, శిక్షణ పూర్తి చేసి, ఖరగ్‌పూర్‌లో ప్రాక్టీసు పెడదామని వచ్చాడట. ఊళ్లో ఎవరినడిగినా, బోర్డు పెట్టే ముందు నిమ్‌పురా దీదీ అనుమతి తీసుకోమన్నారట. రిక్షావాడు కూడా అదే మాట చెప్పి నేరుగా ఇక్కడికే తెచ్చి దింపాడట.

దీదీ నాకేసి చూసింది. ఆమె మొహం ఎర్రబడింది. "నన్నడగడమేటి? నాకేటి అధికారముంది?" అంది నాతో తెలుగులో, నిజంగానే ఇబ్బంది పడుతూ. తర్వాత అతని వైపు తిరిగి, అలాంటి చట్టమేదీ లేదని, తనకు ఎవరినీ ఆపే హక్కు లేదని, అతను రేపే బోర్డు పెట్టుకోవచ్చని బెంగాలీలో వివరించింది.

"తెలుసు దీదీ," అన్నాడతను. "అయినా అడుగుతున్నాను."

ఆమె లేచి లోపలికెళ్లి టీ పెట్టుకొచ్చింది. మా ఇద్దరికీ చెరో కప్పూ ఇచ్చి, కుర్చీ ముందుకు జరుపుకుని, ఎవరి దగ్గర పనిచేశావు, ఏ తప్పులు చేశావు, ఎవరు దిద్దారు అని మొదలుపెట్టింది. అతను సంచీ కింద పెట్టి, సర్దుకుని కూర్చున్నాడు. నా రైలుకు వేళవుతోంది. ఆమె మాట తెంచకుండానే చెయ్యెత్తి నన్ను వెళ్లిరమ్మంది.